మెడ కింద పెన్సిలు రాత

వాయిద్యాల చరిత్రను మనం ఇంతకాలం విద్వాంసుల చరిత్రగానో, కంపెనీల చరిత్రగానో చదువుతూ వచ్చాం. సాహిత్య చరిత్రను రాజుల పేర యుగాలుగా కోసి పెట్టడం లాంటిదే ఇదీ. వాయిద్యాన్ని చెక్కిన చేతికీ, కొనుక్కున్న తర్వాత దాన్ని ఇంట్లో విప్పి, తొలిచి, రంగు గీకి తన అవసరానికి తిప్పుకున్న చేతికీ ఆ చరిత్రలో చోటు లేదు. ఎలక్ట్రిక్ గిటారు మీద రాస్తున్నానంటే ఒకరిద్దరు మిత్రులు నొసలు చిట్లించారు. అమెరికన్ వినోద వ్యాపారపు సరుకు గొడవ మనకెందుకన్నారు. సరుకే, కాదనను. కానీ సరుకును సరుకుగా ఉండనివ్వని మనుషులు ఉన్నారు. వాళ్ళ చేతిపనిని మార్కెట్టు తిరిగి ఎలా మింగిందో చూడకుండా ఆ మాట అనేస్తే విమర్శ సగంలో ఆగిపోతుందని నా వాదన.

మిసిసిపీ పత్తి చేల పక్కన నల్లజాతి పిల్లలు చీపురు కట్టకు చుట్టిన ఇనప తీగను ఊడదీసి, గోడకు రెండు మేకులు కొట్టి, తీగ బిగించి, కింద సీసా దోపి వాయించేవారు. దాన్ని డిడ్లీ బో అన్నారు. బ్లూస్ గాయకులు చాలామందికి ఆ గోడే తొలి బడి. 1940 ప్రాంతంలో లెస్ పాల్, న్యూయార్కులోని ఎపిఫోన్ కర్మాగారంలో పనిలేని ఆదివారాలు కూర్చుని, నాలుగంగుళాల చదరపు పైన్ దుంగకు తీగలు బిగించాడు. జనం ఆ దుంగను గిటారుగా ఒప్పుకోలేదు. ఆయన ఒక మామూలు గిటారును నిలువునా కోసి, రెండు ముక్కలనూ దుంగకు అటూ ఇటూ రెక్కల్లా తగిలించాడు. అప్పుడు ఒప్పుకున్నారు. రూపం గురించి తలలు బద్దలు కొట్టుకునే మన విమర్శకులు ఈ ముచ్చట మీద కాసేపు ఆగాలి.

లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో దుకాణం పెట్టాడు. గిటారు వాయించడం ఆయనకు చివరిదాకా రాదు. 1950లో బ్రాడ్‌కాస్టర్ పేరుతో వచ్చి 1951లో టెలికాస్టర్ అయిన గిటారూ, 1954 నాటి స్ట్రాటోకాస్టరూ రిపేరు షాపు బుద్ధితో పుట్టినవే. అంతకు ముందు మెడను ఒంటికి జిగురుతో అతికేవారు. ఫెండర్ నాలుగు మరలతో బిగించాడు. ఉత్పత్తి చవకగా, చురుగ్గా సాగుతుంది, మెడ అరిగితే కొత్తది వేసుకోవచ్చు అన్నది లెక్క. పెట్టుబడి తన సౌకర్యం కోసం చేసుకున్న ఈ ఏర్పాటు వల్లే గిటారు, స్క్రూడ్రైవరున్న ప్రతివాడూ విప్పగలిగే వస్తువైంది.

విప్పినవాళ్ళకు అక్కడొక పెన్సిలు రాత కనిపించింది. 1950లలో తయారైన చాలా మెడల అడుగున ‘టి.జి.’ అనే రెండు పొడి అక్షరాలూ, పక్కన తేదీ ఉంటాయి. టడేయో గోమెజ్ అనే కార్మికుడు తాను చెక్కిన మెడ మీద పెట్టుకున్న గుర్తది. అందరికీ కనబడే తల భాగం మీద యజమాని పేరు, ఎవరికీ కనబడని అడుగున గోమెజ్ పేరు. కొన్ని శాసనాల్లో రాజు బిరుదులన్నీ ముగిశాక, చివర్న చెక్కినవాడి పేరు ఒక్క ముక్కలో ఉంటుంది. ఇది అంతకన్నా లోతున దాక్కుంది. గిటారు ఒంటి మీద తీగల కింద ఉండే అయస్కాంతపు చుట్టలను పికప్‌లంటారు. తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చేది అవే. 1956లో పనిలో చేరిన మెక్సికన్ మూలాల స్త్రీ అబిగైల్ ఇబారా, తాను చుట్టిన పికప్‌ల మీద పేరూ తేదీ రాసేది. ఒక్కో చుట్టలో సుమారు 8,000 చుట్లు. మా బడిలో చదువుకుని ఇప్పుడు మోటారు వైండింగ్ షాపు నడుపుతున్న కుర్రాడొకడు ఖాళీవేళల్లో గిటార్లు కూడా బాగుచేస్తాడు. “మేస్టారూ, ఫ్యానుకైనా దీనికైనా చుట్టేది రాగి తీగే. కాకపోతే ఇది వెంట్రుకంత సన్నం, చెయ్యి కాస్త బిగిస్తే తెగిపోద్ది” అన్నాడు. చేత్తో నడిపించి చుట్టినవి ఏ రెండూ ఒకలా పలకవట. ఇబారా చేతి ఒడుపు ఎక్కడుందో నాకు అప్పుడు బోధపడింది.

ఇక కొనలేనివాళ్ళ సంగతి. లండన్ శివారులో బ్రయన్ మే అనే కుర్రాడు ఫెండర్ గిటారు కొనే స్తోమత లేక, ఎలక్ట్రానిక్స్ తెలిసిన తండ్రితో కలిసి 1963లో సొంత గిటారు మొదలుపెట్టాడు. పూర్తవడానికి రెండేళ్ళు పట్టింది. మెడకు పాత నిప్పుగూడు పైచెక్క, దాని పురుగు తొలుచుళ్ళలో అగ్గిపుల్లలు. ఒంటికి పాత టేకుబల్ల కాదు, ఓకు బల్ల చెక్క. స్వరాన్ని వంచే పరికరానికి మోటారు సైకిలు స్ప్రింగులు. మెట్ల మీద గుర్తులకు ముత్యపు చిప్ప గుండీలు. తర్వాత క్వీన్ బృందంతో ప్రపంచమంతా తిరిగింది ఈ గిటారే.

రంగు విషయానికి వస్తే, ఫెండర్ వాడింది కార్ల రంగులు. డూపాంట్ కంపెనీ 1920లలో తెచ్చిన డూకో అనే నైట్రోసెల్యులోజ్ లక్క కార్ల పరిశ్రమను మార్చేసింది. వారాల తరబడి ఆరే రంగు స్థానంలో గంటల్లో ఆరే రంగు వచ్చింది. మన ఊళ్ళలో బీరువాకు ‘డూకో’ వేయించడమంటామే, ఆ మాట అక్కడిదే. 1965లో సి.బి.ఎస్. అనే ప్రసార సంస్థ ఫెండర్ కంపెనీని 1.3 కోట్ల డాలర్లకు కొంది. 1960ల చివర మందమైన పాలియెస్టర్ పూత వచ్చింది. ఆ పూత కింద చెక్క ఊపిరాడక మూగబోతుందని వాయించేవాళ్ళు నమ్మారు. ఘన చెక్క గిటారులో పూత ప్రభావం ఎంత అన్నది తేలని తగాదా. నాకు ముఖ్యమైంది తగాదా కాదు, వాళ్ళు ఉప్పు కాగితం చేతబట్టడం. 1968లో ఋషీకేశ్ నుంచి తిరిగి వెళ్ళాక జాన్ లెనన్ తన ఎపిఫోన్ గిటారు రంగంతా గీకించి వట్టి చెక్కతో వాయించాడు. ఇంట్లో చేసేవాడికి ఇది వారాల చాకిరీ. పాత పూత గీకాలి, లప్పంతో రంధ్రాలు పూడ్చాలి, పలచగా పూత మీద పూత వెయ్యాలి, ఆరేదాకా ఓర్చుకోవాలి, నీళ్ళు తడిపి సన్నకాగితంతో రుద్దాలి. తొందరపడితే వేలిముద్ర శాశ్వతంగా ఉండిపోతుంది.

ఈ చరిత్రకు కేంద్రం ఎడ్డీ వాన్ హేలెన్. తండ్రి డచ్చి సంగీతకారుడు, తల్లి జావాలో పుట్టిన మనిషి. 1962లో కాలిఫోర్నియాకు వలస వచ్చాక సంగీతం కూడు పెట్టక తండ్రి కూలిపనులు చేశాడు. 1970లలో ఎడ్డీ, కర్మాగారం లోపమున్నదని పక్కన పెట్టిన స్ట్రాటోకాస్టరు తరహా ఒళ్ళును 50 డాలర్లకూ, మెడను 80 డాలర్లకూ కొన్నాడు. గిబ్సన్ గిటారు పికప్ అందులో పట్టదు. ఉలితో తొలిచి పట్టించాడు. గట్టిగా వాయిస్తే పికప్ కీచుమంటుంది. కరిగించిన పారఫిన్ మైనంలో ముంచాడు. కొన్ని కరిగి పాడయ్యాయి కూడా. మిగతా వైర్లు ఎలా కలపాలో తెలియక ఒక్క గుండీతో సరిపెట్టుకున్నాడు. టేపు అంటించి, రంగు కొట్టి, టేపు పీకి నలుపు తెలుపు చారలు తెప్పించాడు. 1978లో తొలి ఆల్బమ్ రాగానే ఆ చారలను అందరూ అనుకరించారు. 1979లో సైకిలు ఎర్రరంగు కొట్టి మళ్ళీ మార్చేశాడు. వంతెన కింద ఎత్తుకు పావు డాలరు నాణెం పెట్టాడు. రెండు పోటీ కంపెనీల సరుకును పెళ్ళగించి ఒకటి చేసిన ఈ అతుకుల బొంతను నేను గొప్ప విమర్శ గ్రంథంగా చదువుతాను.

ఇలాంటి సాహసం మన గడ్డ మీదా జరిగింది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, జంటలు జంటలుగా ఎనిమిది తీగలుండే మాండలిన్‌ను వదిలి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. గమకం పలకదన్న వాయిద్యం మీద గమకం పలికించడానికి ముందు వాయిద్యాన్నే మార్చుకోవలసి వచ్చింది.

మార్కెట్టు ఊరుకుంటుందా? 1995లో ఫెండర్ కంపెనీ కొత్త గిటార్లకు గీతలు గీసి, రంగు ఊడగొట్టి, చెమట మరకలు తెప్పించి ‘రెలిక్’ పేరుతో అమ్మకం మొదలుపెట్టింది. ఎరిక్ క్లాప్టన్ మూడు పాత స్ట్రాటోకాస్టర్ల మంచి భాగాలు ఏరి కూర్పించుకున్న ‘బ్లాకీ’ 2004 వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. 2006లో దానికి 275 నకళ్ళు, ఒక్కోటి 24,000 డాలర్లు. 2007లో ఎడ్డీ గిటారుకు 300 నకళ్ళు, ఒక్కోటి సుమారు 25,000 డాలర్లు. 130 డాలర్ల చెక్క మీద పేదరికం వల్ల పడిన ప్రతి గాటునూ కూలికి మనుషులను పెట్టి కొలత ప్రకారం మళ్ళీ కొట్టించారు. ఇంకోవైపు, పాత గిటారుకు ఎవరైనా సొంతంగా రంగు మార్చుకుని ఉంటే సేకర్తల బజారులో దాని ధర ఇంచుమించు సగానికి పడిపోతుంది. కంపెనీ కొట్టిన గాటుకు ధర, మనిషి కొట్టిన రంగుకు కోత.

గోమెజ్ రాత కూడా బజారుకెక్కింది. ‘టి.జి.’ ఉన్న మెడ అంటే ఇప్పుడు సేకర్తలకు మోజు. ఇబారా 2013లో పదవీ విరమణ చేసేదాకా కంపెనీ ప్రత్యేక విభాగంలో పికప్‌లు చుట్టింది. ఆమె చేతి చుట్లకు, సంతకానికి మామూలు వాటికన్నా ఎక్కువ ధర కట్టి అమ్మారు. అజ్ఞాతంగా ఉన్న పేరు వెలుగులోకి రావాలని కోరుకునేవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ ఆ పేరును మొదట చదివింది సేకర్తలు కాదు. రంగు మార్చుకుందామనో, తీగ తెగిందనో తన గిటారును తానే విప్పుకున్న మామూలు వాయిద్యగాళ్ళు. ఇప్పుడు ధర పోతుందన్న భయంతో ఆ పాత గిటార్ల మరలు తిప్పడానికే చాలామంది జంకుతున్నారు.