ఉదకమండలము: పేరులో దాగిన మంద

నీలగిరులపై, సముద్రమట్టమునకు సుమారు 7,350 అడుగుల యెత్తున నున్న ఉదకమండలమును మనవారు ఊటీ యందురు. ఉదకమనగా నీరు గనుక అది నీటి మండలమని సంస్కృతము నెఱిగినవారు చెప్పుదురు. ఊరిలో పెద్ద చెరువుండుటచే ఆ యర్థము సొంపుగానే తోచును. కాని కాలము లెక్కకు కుదురదు. 1821 మార్చిలో మద్రాసు గెజెటు పత్రికకు ఒకరు వ్రాసిన లేఖలో ఈ చోటి పేరు 'వోటోకీమండ్' అని యున్నది. చెరువు పని మొదలైనది 1823లో. నీటికంటె పేరే ముందు పుట్టినది.

ఆ 'మండ్' తోడలది. తోడలు ఆ కొండలపై ఎనుములను మేపుకొని బ్రదికిన ప్రాచీనజాతి. వారి యిండ్లు, ఎనుముల దొడ్డి, పవిత్రమైన పాలయిల్లు కలిసిన చోటునకు ఆ పేరు. మన 'మంద' దానికి జ్ఞాతిపదమే. పేరు మొదటి భాగమునకు ఒంటిరాయి యని యర్థము చెప్పువారు కలరు. 1972లో ప్రభుత్వము పేరును ఉదగమండలమని మార్చుటతో మంద కాస్త మండలమైనది.

1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ ఈ కొండలెక్కెను. ఎకరమునకు ఒక రూపాయి చొప్పున తోడలకిచ్చి నేల కొని రాతియిల్లు కట్టించెను. ఎకరము రూపాయి! అయినను ఆ పచ్చిక బయళ్లు తోడల సొంత ఆస్తియని కంపెనీతో వాదించినవాడును అతడే. కంపెనీవారు మేతహక్కును ఒప్పుకొనిరి గాని భూస్వామ్యము నొప్పుకొనలేదు. ఈ రెంటికి గల దూరమెంతయో పట్టా చేత బట్టిన ప్రతి రైతునకును తెలియును.

దొరలను అంతయెత్తునకు రప్పించినది చలువయే. వేయి అడుగులెక్కిన సుమారు 2 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి తగ్గును. నైరుతి, ఈశాన్య ఋతుపవనములు రెండును అచట వర్షించును. డిసెంబరు, జనవరి రాత్రులలో గడ్డిపై మంచు గడ్డకట్టి ఉప్పు చల్లినట్లు తెల్లబడును. తెల్లవారి యేలుబడిలో మద్రాసు గవర్నరు వేసవికి అచటికి పోయెడివాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలప్పుడు ఆ రాజధానిలోనివే గనుక, మన తెలుగు జిల్లాల కాగితములును కొండ యెక్కినవి.

తరువాత పచ్చికలో యూకలిప్టసు, తుమ్మజాతి చెట్లు నాటిరి. తేయాకు తోటలు లేచినవి. మేత తగ్గెను, మందలు తగ్గెను. 1848లో వేసిన ప్రభుత్వ వృక్షోద్యానమునకు పైవైపున తోడల మందు ఒకటి నేటికిని కలదు.