పూసల దండ నుంచి ఫోన్ దాకా

నెలసరి లెక్కలు ఫోన్లతోనే మొదలయ్యాయనుకుంటాం కదండీ, కాదు. 1924లోనే జపాన్ డాక్టర్ ఒగినో అండం విడుదలయ్యే రోజులు లెక్కకట్టారు. 1950ల మొదట్లో మన ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్ ఈ పద్ధతికే మొగ్గారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పంపిన డాక్టర్ అబ్రహాం స్టోన్ సలహాతో, బెంగళూరు దగ్గరి రామనగరంలో ఆడవాళ్లకు రంగు పూసల దండలిచ్చారు. రోజుకో పూస జరపాలి, రంగును బట్టి దూరంగా ఉండాలి.

2018లో అమెరికా ఎఫ్‌డీఏ గర్భనిరోధానికి తొలి యాప్‌ను అనుమతించింది. పొద్దున్నే ఒంటి వేడి చూసి నమోదు చేస్తే ఏ రోజు జాగ్రత్తో చెబుతుంది. అయినా మామూలు వాడకంలో ఏడాదికి 100 మందిలో 6, 7గురికి గర్భం వస్తుంది.

పూసైనా, యాపైనా రోజు చెబుతుందంతే. ఆ రోజు "వద్దు" అంటే ఇంటాయన వినాలి. ఆ మాట చెల్లని ఇంట్లో ఏ లెక్కా పనిచేయదని నాకనిపిస్తుంది.