వృత్త రేఖాచిత్రం – మారే పూర్ణం: వడ్డాది నేపథ్యంగా ఒక చారిత్రక పరిశీలన

జనాభా, భూవినియోగం, అక్షరాస్యత వంటి అంశాలను చర్చించే పరిశోధన గ్రంథాలలో వృత్త రేఖాచిత్రానికి, అనగా వ్యవహారంలోని పై చార్టుకు, దాదాపు తప్పనిసరి స్థానం ఏర్పడింది. దీని లోపాలను చెప్పేటప్పుడు కోణాలను కన్ను సరిగా పోల్చలేదన్న వాదమే ఎక్కువగా వినిపిస్తుంది. అది నిజమే. అయితే చరిత్ర విద్యార్థికి అంతకంటె ప్రమాదకరమైన లోపం మరొకటి ఉన్నది. వృత్తం ఎప్పుడూ నూరు శాతమే చూపుతుంది; ఆ నూరు దేనికి నూరో చెప్పదు. చోడవరం ప్రాంతంలోని వడ్డాది గ్రామాన్ని ఆధారం చేసుకొని చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

ఈ చిత్రానికి ఆద్యుడు స్కాట్లండుకు చెందిన విలియం ప్లేఫెయిర్. కమ్మీ చిత్రాన్ని 1786లోనే ప్రచురించిన ఆయన 1801లో వెలువరించిన 'స్టాటిస్టికల్ బ్రీవియరీ'లో దేశాల వైశాల్యాలను వృత్తాలుగా గీసి, టర్కీ సామ్రాజ్యాన్ని ఆసియా, ఐరోపా, ఆఫ్రికా భాగాలుగా కోసి రంగులద్దాడు. హిందూస్థానపు పాలక శక్తులను కూడా అదే పద్ధతిలో చూపినట్లు ఆ గ్రంథ శీర్షికలోనే ఉన్నది. మరుసటి సంవత్సరం, 1802లో, మద్రాసు ప్రభుత్వం ఉత్తర సర్కారులలో శాశ్వత శిస్తు విధానానికి చట్టరూపమిచ్చింది. రాజ్యాలను ఒక్క చూపులో కొలవాలన్న కోరిక ఆ కాలపు పాలనావసరాలకు దూరమైనదేమీ కాదు.

విమర్శ కూడా పాతదే. అమెరికాలో విల్లార్డ్ బ్రింటన్ 1914లోనే వృత్త ఖండాల కంటె కమ్మీలు మేలన్నాడు. 1926లో వాల్టర్ ఈల్స్ ప్రయోగాలు జరిపి వృత్తాన్ని సమర్థించగా, మరుసటి ఏడే క్రాక్స్‌టన్, స్ట్రైకర్‌లు ఆ తీర్పుకు పరిమితులున్నాయని చూపారు. 1984లో క్లీవ్‌లండ్, మెక్‌గిల్ జరిపిన ప్రయోగాలలో ఒకే కొలబద్దపై స్థానాన్ని చదవడం కంటె కోణాన్ని చదవడంలో పొరపాటు దాదాపు రెట్టింపుగా తేలింది. రెండేసి భాగాలను కలిపి పోల్చవలసి వచ్చినప్పుడు మాత్రం వృత్తం తీసిపోదని 1991లో స్పెన్స్, లెవాండోవ్‌స్కీ నిరూపించారు. కాబట్టి వృత్తాన్ని పూర్తిగా బహిష్కరించాలన్న పట్టుదల శాస్త్రీయం కాదు. అయితే ఈ ప్రయోగాలన్నీ ఒక పూర్ణాన్ని స్థిరంగా ఉంచుకొని జరిగినవి. చరిత్రలో పూర్ణం స్థిరంగా ఉండదు.

వడ్డాది మధ్యయుగంలో మాత్స్య వంశ పాలకులకు నెలవు. శాసనాలలో ఇది ఒడ్డాది. ఆ వంశానికి చెందిన అర్జునుని దిబ్బిడ తామ్రశాసనం శక సంవత్సరం 1191 నాటిది, అంటే క్రీ.శ. 1269. ఊరు నాటినుండి అక్కడే ఉన్నది. దాని చుట్టూ గీసిన గీతలు మాత్రం మారుతూ వచ్చాయి. 1931 జనగణన నాటికి ఇది జయపురం జమీందారీతో కూడిన విశాలమైన విశాఖపట్నం జిల్లాలో భాగం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు జయపురం కోరాపుట్ జిల్లాగా విడిపోయింది. గంజాం జిల్లాలో మిగిలిన తెలుగు ప్రాంతాలు విశాఖలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం వేరైంది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు రాగా వడ్డాది బుచ్చెయ్యపేట మండలంలోకి చేరింది. చివరకు 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది.

ఇప్పుడు 1931, 1941, 1951, 1981 సంవత్సరాల 'విశాఖపట్నం జిల్లా' పేరిట నాలుగు సమాన వృత్తాలను పక్కపక్కన గీస్తే ఏమవుతుంది? మొదటి దానికీ రెండవ దానికీ మధ్య ఏజెన్సీ ఖండం కుంచించుకుపోయి కనిపిస్తుంది. వలసలనో, కరవునో, మన్యపు జ్వరాలనో కారణంగా వెదకడం మొదలవుతుంది. జరిగినది సరిహద్దు మార్పు. పేరు ఒకటే, వృత్తం ఒకటే, భూమి మాత్రం వేరు.

ఇటీవలి పునర్విభజన ఈ విషయాన్ని అంకెలలోనే చూపుతుంది. 2011 జనగణన ప్రకారం అవిభక్త విశాఖపట్నం జిల్లా జనాభా సుమారు 42.91 లక్షలు. నేటి సరిహద్దులలో అందులో అనకాపల్లికి 17.27 లక్షలు, విశాఖపట్నానికి 19.60 లక్షలు, పాడేరు మన్యానికి మిగిలిన 6.04 లక్షలు వస్తాయి. అనగా పాత వృత్తంలో పాడేరు మన్యం వాటా సుమారు 14 శాతం. అదే జనం 2022లో ఏర్పడినప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అంటే 9.54 లక్షల పూర్ణంలో, 63 శాతమవుతారు. ఒక్క మనిషీ కదలలేదు, ఒక్క శిశువూ పుట్టలేదు. సంక్షేమ నిధుల కేటాయింపుల గురించి వాదించేవారు ఈ రెండు వృత్తాలలో తమకు అనుకూలమైనదాన్ని ఎంచుకోగలరు. రెండూ అబద్ధం కావు.

ఈ చిక్కును వృత్త పరిమాణంతో తీర్చవచ్చునన్న ఆలోచన ఫ్రెంచి ఇంజనీరు మినార్ నాటిది. ఆయన 1858లో పటంపైనే చిన్నా పెద్దా వృత్తాలు గీసి పారిస్‌కు మాంసం సరఫరాను చూపాడు. కాని వైశాల్యం వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పాత విశాఖ జనాభా అనకాపల్లి జనాభాకు దాదాపు రెండున్నర రెట్లు; వృత్తాలను సరిగా గీస్తే వ్యాసార్ధం 1.58 రెట్లే. చూపరి ఆ తేడాను తక్కువగానే అంచనా వేస్తాడు. వ్యాసార్ధాన్నే రెండున్నర రెట్లు చేసి గీస్తే, అదీ అరుదేమీ కాదు, వైశాల్యం ఆరు రెట్లు దాటుతుంది.

ఇక కోణాల మాట. పై పాత వృత్తంలో అనకాపల్లి వాటా 40 శాతం, విశాఖపట్నం వాటా 46 శాతం. కోణాలలో 145, 164 డిగ్రీలు. పక్కన అంకె లేకపోతే ఏది ఎంత పెద్దదో చెప్పడం కష్టం. అంకె ఉంటే వృత్తం అలంకారం. ఒకే ఆధారరేఖపై నిలిపిన రెండు కమ్మీలు 2.33 లక్షల మంది తేడాను నేరుగా చూపుతాయి, కమ్మీల ఎత్తు లక్షలలో ఉన్నందున పూర్ణం కూడా చదువరి కంటి ముందే ఉంటుంది.

సరిహద్దులు మారిన జిల్లాలను దశాబ్దాల వెంబడి పోల్చదలచినవారు ముందుగా నేటి మండలాన్నో, గ్రామాన్నో ప్రమాణంగా తీసుకొని పాత లెక్కలను తిరిగి కూడవలసి ఉంటుంది. వడ్డాది వంటి గ్రామం జిల్లా కంటె నమ్మకమైన ప్రమాణం కావడానికి కారణం ఇదే. ఆ పని చేయకుండా గీసిన ఏ చిత్రమూ, కమ్మీ అయినా సరే, పోలికకు నిలవదు; కమ్మీలో ఆ మార్పు ఎత్తులోని ఆకస్మిక పతనంగా కనబడి ప్రశ్నకు తావిస్తుంది, వృత్తంలో మాత్రం నూరు శాతం వెనుక దాగి ఉంటుంది.