చక్రదానము

రథచక్రము భూమిలో గ్రుంగినప్పుడు మహావీరుడగు కర్ణుడు సైతము విల్లు విడిచి నేలకు దిగవలసి వచ్చెను. ఆ వేళ అతనికి చేయూత నిచ్చినవాడు లేడు. చక్రము చెడినవానికి తన చక్రమునే యిచ్చిన వాని కథ 1934లో ఫ్రాన్సు దేశమున జరిగినది.

సైకిలు చక్రమునకు ఆధారము రిమ్ము. సన్నని పుల్లలు దానిని అన్నివైపుల నుండి నడిమి హబ్బువైపు లాగి పట్టియుండును. ఆ బిగువు సమముగా నున్నంతవఱకే చక్రము సరిగా తిరుగును. కొద్దిపాటి వంకర వచ్చినచో పనివాడు ఒక ప్రక్క పుల్లలను బిగించి, వేఱొక ప్రక్కవానిని వదులుచేసి బెండు తీయును. రిమ్మే మడతపడినచో పుల్లలన్నియు విప్పి క్రొత్త రిమ్మునకు మరల కూర్పవలయును. అది అంగడిలో తీఱుబడిగా జరుగు పని. పందెము నడుమ కొండదారిలో అది సాగదు.

టూర్ ద ఫ్రాన్స్ అను సైకిలు పందెము 1903లో మొదలైనది. తొలినాళ్లలో ఎవరి సైకిలును వారే బాగుచేసికొనవలయునని కఠిన నియమముండెను. 1913లో పిరెనీసు పర్వతములలో యూజీన్ క్రిస్తోఫ్ అను నతని సైకిలు ముందరి ఫోర్కు విఱిగెను. అతడు సైకిలుతో పది కిలోమీటర్లకు పైగా నడచి, ఒక గ్రామపు కొలిమి చేరి, ఇనుమును తానే కాచి బాగుచేసికొనెను. కొలిమితిత్తి నూదుటకు ఒక బాలుడు తోడ్పడెనని అధికారులు అతని కాలమునకు అదనపు నిమిషములు కలిపి శిక్షించిరి!

1930 నుండి పందెగాండ్రు దేశములవారీ జట్లుగా పోటీపడసాగిరి. 1934లో ఫ్రెంచి జట్టు నాయకుడు ఆంతొనిన్ మాన్య్ అందఱికంటె ముందుండి పసుపు చొక్కా ధరించియుండెను. అదే జట్టులో రెనే వియెట్టో అను ఇరువదియేండ్ల యువకుడుండెను. పూర్వము కాన్ నగరపు హోటలులో కొలువు చేసినవాడు. కొండ లెక్కుటలో మేటి.

జూలై 20న ప్యూయిమోరెన్సు కనుమ దిగునపుడు నాయకుడు పడిపోయెను, ముందుచక్రము పాడయ్యెను. వియెట్టో తన చక్రము నూడదీసి యిచ్చెను. నాయకుడు సాగిపోయెను. మఱొక చక్రము వచ్చువఱకు వియెట్టో త్రోవప్రక్క ఱాతిగోడపై కూర్చుండి కన్నీరు కార్చెను. ఆ ఛాయాపటము నేటికిని ప్రసిద్ధము. మఱునాడు పోర్తె దాస్పె కనుమ చెంత నాయకుని సైకిలు మరల చెడెను. ముందు పోవుచున్న వియెట్టో సంగతి తెలిసి, వెనుకకు తిరిగి, దిగిన కొండనే మరల నెక్కి, ఈ మాఱు తన సైకిలునే యిచ్చివేసెను.

ఆ యేటి విజయము మాన్య్ పేర నిలిచినది. వియెట్టో కొండ లెక్కువారిలో ప్రథముడయ్యును మొత్తముమీద అయిదవవాడయ్యెను. 1939లో రెండవ స్థానము పొందెను గాని, ఆ పందెమును ఏనాడును గెలువలేదు. 1988లో మరణించెను.

లెక్కలో జమ యొకరి పేర, ఖర్చు వేఱొకరి పేర పడినది. ఆ దానము సులభముగా చేసినది కాదనుటకు ఆ కన్నీరే సాక్ష్యము. గ్రంథాలయము వంటి ఊరుమ్మడి కార్యములందును తమ చక్రమిచ్చి గోడపై కూర్చుండినవారు కొందఱుందురు. విజేతల పట్టికలో వారి పేర్లు కానరాకున్నను చరిత్ర వ్రాయువారు వారిని మఱువరాదు.