షెవర్లే కారుకు ట్రాక్టరు టైరు

తిరుపతి దగ్గరి ఏర్పేడులో ట్రాక్టరు ముందు చక్రాలకు టైరు కొనబోతే వినబడే సైజుల్లో ఒకటి 6.00-16. వేరుశనగ చేలో తిరిగే ఆ చక్రానిదీ, 1940 నాటి షెవర్లే కారుదీ, అదే కాలపు ఫోర్డు వి-8దీ ఒకే కొలత. ట్రాక్టరు టైరు మీది నిలువు గాళ్లు దుక్కిలో పక్కకు జారకుండా చేసినవి, తారురోడ్డు మీద కారు వేగానికి పనికిరావు. అయితే ఇదే సైజులో జీపు టైరు కూడా ఉంటుంది. తెలిసినవాళ్లు దానికే పోతారు. ఎనభై ఏళ్లు దాటిన అమెరికన్ కారుకు సామాను కావాలంటే సముద్రాలు దాటి వెతకాలని చాలామంది అనుకుంటారు. టైరు విషయంలో మాత్రం ట్రాక్టరు, జీపు టైర్ల అంగడి దాటనక్కర్లేదు.

ఈ చుట్టరికం ఒక్క రోజులో కలిసింది కాదు.

ఏర్పేడు అప్పట్లో ఉన్న చిత్తూరు జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. కారు కొనాలన్నా, చెడితే బాగు చేయించాలన్నా ఈ ప్రాంతం చూపు మద్రాసు వైపే. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయి శివ్రీలో కార్లు బిగించే కర్మాగారం పెట్టింది. ఫోర్డు ఇండియా కంపెనీ 1926లో కెనడా ఫోర్డుకు పిల్ల కంపెనీగా పుట్టింది. కెనడా నుంచి వచ్చిన మన ఫోర్డులకు స్టీరింగు కుడివైపు ఉండేది. ఇంగ్లీషు దొరల కార్లు వాళ్ల ఊళ్ల నున్నని రోడ్లకు తగ్గట్టు ఉండేవి. అమెరికన్ కార్లు అక్కడి రైతుల మట్టిబాటల కోసం చేసినవి. నేలకు ఎత్తుగా ఉంటాయి, ఇంజిను పెద్దది, తాపీగా తిరుగుతూనే బరువు లాగుతుంది. షెవర్లే 1929లో తెచ్చిన ఆరు సిలిండర్ల ఇంజిను అలాంటిదే. జమీందార్లు, వకీళ్లు కార్లు కొన్నారు. బస్సులు నడిపే ఆసాములు అవే కంపెనీల లారీ చాసిస్సులు కొని, వడ్రంగుల చేత చెక్క బాడీలు కట్టించుకున్నారు. కారుకూ బస్సుకూ ఇంజిను సామాను చాలావరకు కలవడం ఆ తరం మెకానిక్కులకు పెద్ద వరం. బస్సు చస్తే కారు బతికేది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పెట్రోలుకు రేషను పెట్టింది. బస్సుల వెనక బొగ్గు కొలుములు వెలిశాయి. కట్టెబొగ్గును సరిగా గాలి అందకుండా మండించి, వచ్చిన గ్యాసును చల్లార్చి, వడగట్టి ఇంజినుకు అందించేవాళ్లు. బయల్దేరే ముందు క్లీనరు కొలిమి పంకాను చేత్తో తిప్పి మంట రాజేయాలి. ఇంజిను బలం బాగా పడిపోయేది, ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి నెట్టేవారు. కంపెనీవాడు ఊహించని మార్పును తప్పనిసరై చేసుకోవడం ఇక్కడ అప్పుడే మొదలైంది. ఇంతకంటే నామోషీ మార్పు ఆ బండ్లకు మళ్లీ జరగలేదనే చెప్పాలి.

యుద్ధం ముగిశాక మిలటరీ డిస్పోజల్ సరుకుగా విల్లీస్ జీపులు, డాడ్జి బండ్లు జనం చేతికొచ్చాయి. 1947లో మహీంద్రా కంపెనీ జీపుల బిగింపు మొదలుపెట్టింది. రాయలసీమ పల్లెకు తెలిసిన అసలైన అమెరికన్ బండి షెవర్లే కాదు, జీపే. ఆఫీసర్ల కింద, పోలీసుల కింద నలిగి, ఆఖరికి పల్లె జనాన్ని వేలాడదీసుకుని తిరిగిన సర్వీసు జీపు కూడా ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో పుట్టిన బండికి వారసురాలే. సీజే-3బీ అనే ఎత్తు బానెట్టు జీపును అమెరికా 1968లో ఆపేసింది. మహీంద్రా ఆ రూపాన్ని ఆ తర్వాత దశాబ్దాల పాటు నడిపించింది. అందుకే అమెరికాలో పాత జీపును బాగుచేసుకునేవాళ్లు కూడా కొన్ని భాగాల కోసం మన దేశం వైపు చూస్తారు. సామాను ప్రవాహం ఎదురు తిరిగిన అరుదైన సందర్భం ఇది.

కార్ల సంగతి అలా లేదు. బొంబాయి ప్రీమియర్ కంపెనీ డాడ్జి, ప్లిమత్, డిసోటోలనూ, బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ స్టుడీబేకర్లనూ కొన్నాళ్లు బిగించాయి. భాగాలను ఇక్కడే తయారుచేసే పథకం ఉన్నవాళ్లే ఉండాలని 1953లో టారిఫ్ కమిషన్ చెప్పింది. ఫోర్డు, జనరల్ మోటార్స్ మూట సర్దుకున్నాయి. ఆ తర్వాత ఇంపాలాలాంటి పెద్ద కార్లు ఎంబసీల నుంచి స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అమ్మకాల ద్వారానో, మరో దారినో కొద్దిమందికే చేరాయి. సామాను మాత్రం రావడం ఆగిపోయింది.

ఇంచుమించు ఆ కాలంలోనే మద్రాసు చుట్టూ విడిభాగాల పరిశ్రమ లేచింది. 1949లో ఇండియా పిస్టన్స్, 1960లో వీల్స్ ఇండియా, 1961లో లూకాస్ టీవీఎస్, 1962లో బ్రేక్స్ ఇండియా మొదలయ్యాయి. ఇవి తయారుచేసింది అంబాసిడరుకూ, ఫియట్‌కూ, లారీలకూ కావలసిన సామాను. షెవర్లే వాళ్లకు ముఖ్యమైన గిరాకీ కాదు. మెకానిక్కు వేసుకునే ప్రశ్నే మారిపోయింది. ‘ఈ కారు పిస్టను ఎక్కడ దొరుకుతుంది?’ అనడం మానేసి, ‘దొరికే పిస్టన్లలో దీనికి ఏది పడుతుంది?’ అని వెతకసాగాడు. సిలిండరు అరిగితే రీబోరింగ్ చేసి లైనరు దింపడం, లారీ పిస్టను తల లేతు మీద కోసి ఎత్తు సరిచేయడం, కింగ్‌పిన్ బుష్షులు గన్‌మెటల్‌తో తిరగదీయించడం, షీటు కొని గాస్కెట్టు కత్తిరించుకోవడం... ఇవన్నీ లేతు ఉన్న ప్రతి ఊళ్లోనూ నడిచిన విద్యలు.

అమెరికాలో 1934 నుంచీ హొలాండర్ అనే పుస్తకం ఉంది. ఏ కారు భాగం ఏ కారుకు సరిపోతుందో పట్టికలు వేసి చెబుతుంది. చెన్నై పుదుపేటలో పాత సామాన్ల అంగళ్లవాళ్లకు అదంతా నోటికే ఉండేది. తిరుపతి వైపు నుంచి వెళ్లేవాళ్లు అరిగిన భాగాన్ని గోనెసంచిలో చుట్టుకుని బస్సెక్కేవారు. పేరు చెప్పి అడిగితే లాభం లేదు, వస్తువు చూపించాలి. పుదుపేటలో తేలకపోతే విజయవాడ ఆటోనగర్.

పానాల గొడవ కూడా చిన్నది కాదు. అమెరికన్ కారు బోల్టులన్నీ అంగుళాల లెక్క. మారుతి కార్లతో పని నేర్చుకున్న కుర్రాడి పెట్టెలో మిల్లీమీటర్ల పానాలే ఉంటాయి. అవి వేస్తే బోల్టు తల గుండ్రమవుతుంది. అంబాసిడరు ఇంజిను బోల్టులు కూడా అంగుళాలవే కాబట్టి, పాత అంబాసిడరు మేస్త్రీ దగ్గరికి షెవర్లేను తీసుకుపోవడం ఇప్పటికీ తెలివైన పని. అయితే అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగింది. ఆ మేస్త్రీలూ పెద్దవాళ్లవుతున్నారు.

అన్నిటికన్నా పెద్ద మార్పు డీజిలు. మద్రాసులో సింప్సన్ కంపెనీ 1950ల్లోనే పెర్కిన్స్ డీజిలు ఇంజిన్ల పని అందుకుంది. 1973 చమురు సంక్షోభంతో పెట్రోలు ధర ఎగబాకాక, లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు ఇచ్చే కారు ఇంటి ముందర ఏనుగులా తయారైంది. ఇంజిను దించేసి నాలుగు సిలిండర్ల పెర్కిన్స్ బిగిస్తే మైలేజి రెండింతలయ్యేది. బదులుగా ముందు స్ప్రింగులు కుంగేవి, కారంతా లారీలా వణికేది, వేగం పెంచితే అరుపే తప్ప పరుగు ఉండేది కాదు. మెత్తగా గుసగుసలాడే ఆరు సిలిండర్ల ఇంజినును పీకి ఇలా చేయడం నేటి అభిరుచిపరుల కంటికి పాపంగా కనబడొచ్చు. ఆ పాపం చేయకుంటే ఆ కార్లలో చాలా భాగం అప్పుడే తుక్కయ్యేవి. జీపులదీ ఇదే బాట. మొదట ఇంటర్నేషనల్ ట్రాక్టరు జాతి డీజిలు ఇంజిన్లు, ఆపైన ప్యూజో డీజిలు ఇంజిన్లు వాటిలోకి దిగాయి. మహీంద్రా ట్రాక్టర్లు కూడా చేసే కంపెనీ కనక మొదటి పొత్తు సులువుగానే కుదిరింది.

పాత అమెరికన్ బండికి జరిగిన మార్పుల్లో తెలుగునాట అందరూ చూసింది 1982లో. ఎన్.టి. రామారావు ఎన్నికల ప్రచారానికి ఎంచుకున్నది ఓ పాత షెవర్లే వ్యాను. దానిమీద నిలబడి మాట్లాడేందుకు చోటు, మైకులు, లైట్లు అమర్చి ‘చైతన్య రథం’ అన్నారు. కొడుకు హరికృష్ణ సారథి. మరుసటి జనవరి ఎన్నికల్లో రామారావు తిరుపతిలోనూ, గుడివాడలోనూ గెలిచారు. ఈ మార్పులన్నీ పైపైనే జరిగాయి. లక్షల మంది కళ్లు పైనున్న మనిషి మీద ఉంటే, ఆ వయసు బండిని ఊరూరా తిప్పిన భారం కిందనున్న చాసిస్సు మోసింది.

ఈ ప్రాంతంలో పాత కారుకు అసలు పరీక్ష తిరుమల కొండ. మొదటి ఘాటు రోడ్డు 1944లో తెరుచుకుంది. ఎక్కేటప్పుడు నీళ్లు మరగడం ఒక తంటా. దిగడం అంతకన్నా కష్టం. 1938 దాకా ఫోర్డు కార్లకు కడ్డీలతోనో, తీగలతోనో పనిచేసే బ్రేకులే ఉండేవి. షెవర్లేకు నూనె బ్రేకులు 1936లో వచ్చాయి, ప్లిమత్‌కు పుట్టుకతోనే ఉన్నాయి. నూనె బ్రేకులైనా నాలుగు చక్రాలకూ ఒకే గొట్టం నుంచి ఒత్తిడి పోతుంది. ఒక్కచోట కారితే నాలుగూ పోతాయి. అమెరికన్ కార్లన్నిటికీ రెండు వరసల మాస్టర్ సిలిండరు అమరింది 1967 మోడళ్లతోనే. పాత కారుకు డబ్బు ఖర్చుపెట్టి ఒక్క మార్పే చేయించగలిగితే ముందు ఇదే చేయించాలి. క్రోము మెరుగులు, ఏసీ, రేడియో తర్వాతి మాట.

కరెంటు మార్పు అంతకన్నా తేలిక. షెవర్లే 1954 దాకా, ఫోర్డు 1955 దాకా 6 వోల్టుల బండ్లు. ఫోర్డుకూ ప్లిమత్‌కూ బ్యాటరీ ప్లస్ తీగ బాడీకి తగిలించి ఉండేది. అది తెలియక తారుమారు చేస్తే డైనమో పని ముగియవచ్చు. 12 వోల్టులకు మారిస్తే రేణిగుంట దారిలోని కరకంబాడిలో 1985లో పుట్టిన అమరరాజా వాళ్ల బ్యాటరీ చాలు. బల్బులు, కాయిలు, హారను మార్చి, డైనమో తీసి ఆల్టర్నేటరు బిగించాలి. హెడ్‌లైటు కొవ్వొత్తిలా వెలగడం మానేస్తుంది.

ఇంధనమే కొత్త తలనొప్పి. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలనూ, పంపు డయాఫ్రమ్‌నూ మెత్తబరిచి చీలుస్తుంది. ఏర్పేడు ఎండల్లో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై బండి ఆగిపోవడం ఎప్పుడూ ఉన్నదే. తడిగుడ్డ చుట్టి కాసేపు నీడన ఆపడం తాతల నాటి వైద్యం. ఇప్పటివాళ్లు ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేసి, ట్యాంకు దగ్గర కరెంటు పంపు పెడుతున్నారు.

2021లో కేంద్రం వింటేజి వాహనాలకు వేరే రిజిస్ట్రేషను పెట్టింది. తొలి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్లు దాటాలి. కొత్త నమోదుకు 20,000 రూపాయలు కట్టాలి, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి, గడువు పదేళ్లు. రోజువారీ ప్రయాణానికి వాడకూడదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతుకూ తీయొచ్చు. చాసిస్సు, బాడీ, ఇంజిను మారకుండా ఉండాలన్నది మరో షరతు.

కారు బతకడానికి ఏ మార్పు చేశారో, వింటేజి నంబరుకు అదే అడ్డొచ్చింది. పెర్కిన్స్ బిగించుకున్న షెవర్లే యజమానులు ఇప్పుడు ఆ కాలపు పెట్రోలు ఇంజిను కోసం మళ్లీ పుదుపేట బాట పడుతున్నారు. దించిన ఇంజినులు ఎన్నడో పగిలి, ఇనుము ధరకు తూకంలో పోయాయి. అమెరికా నుంచి తెప్పిస్తే ఓడ కిరాయి, సుంకం కలిసి తడిసి మోపెడు. ఒకవేళ ఇంజిను దొరికి బిగించినా, దానిమీది నంబరు వేరు. ఆర్‌సీ పుస్తకంలో ఇంజిను మార్పు రాయించుకోవడానికి యజమాని మళ్లీ రవాణా ఆఫీసు మెట్లెక్కాలి. డీజిలు అని ఒకప్పుడు రాయించిన చోటే, ఈసారి పెట్రోలు అని రాయించడానికి.