దగ్గితే నలుగురొచ్చే ఇల్లు

కామారెడ్డిలో మేం మేడ వేసుకున్న కొత్తలో మా అత్తమ్మ ఒక మాటన్నది. "ఎల్లారెడ్డి ఇంట్ల దగ్గితె నలుగురొస్తుండిరి. ఈడ మొత్తుకున్నా ఒక్కరు రారు."

మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేక ఆమె కింది గదిలో, మేము పైన. ఆ మాటకు అప్పుడు నవ్వేశాను. నవ్వినందుకు తరవాత ఏడవవలసి వచ్చింది. ఒక రాత్రి స్నానాలగదిలో కాలుజారి పడి ఎంతసేపు పిలిచిందో, పొద్దున చాయ్ తీసుకుని కిందికి దిగేదాకా మాకు తెలియనే లేదు. ఎముక విరగలేదు, అంతే అదృష్టం.

నాలుగోనాడు ఇంటర్‌కం పెట్టించాం. కరెంటు పనిచేసే అబ్బాయి మెట్ల గోడ వెంట తీగ లాగుతూంటే చూస్తూ కూర్చున్నాను. ఇంట్లోవాళ్ళు ఇంట్లోవాళ్ళను పిలుచుకోవటానికి మనిషి ఎన్ని తంటాలు పడ్డాడో కదా అనిపించింది!

ఎల్లారెడ్డి ఇంటికి ఇవేవీ అక్కరలేకపోయింది. నడుమ వాకిలి, చుట్టూ అర్రలు, పైన పెంకులు. వంటింట్లో గిన్నె జారిపడితే పడమటింట్లో వినిపించేది. ఎవరు ఎవరిని పిలిచినా పిలుపు వాకిట్లోకి వచ్చి నాలుగువైపులకూ వెళ్ళేది. అందులో కష్టమూ ఉందనుకోండి. కొత్తకోడలు చాటుగా ముక్కు చీదినా ఇంటిల్లిపాదికీ తెలిసిపోయేది. మనం స్లాబులు వేసుకుని, తలుపులు బిగించుకుని ఎవరి గది వారిదన్నాం. గుట్టు దక్కింది, పిలుపు పోయింది.

మాటను దూరం పంపించే కట్టడమంటే మనకు ముందు గుర్తొచ్చేది గోలకొండ. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరంలో కొండమీదున్న బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. తీగ లేదు, బ్యాటరీ లేదు, రాతికట్టు మహిమ. వెళ్ళినవాళ్ళందరం చప్పట్లు కొట్టే ఉంటాం. కానీ 1687లో ఔరంగజేబు సైన్యం నెలల తరబడి ముట్టడించాక, ఒక రాత్రి కోటలోని మనిషే లంచానికి లొంగి తలుపు తీశాడు. ఆ రాత్రి ఏ చప్పట్లూ కోటను కాపాడలేకపోయాయి. పిలుపుకు ఎంత గొప్ప ఏర్పాటున్నా, పిలిచే మనిషికి మనసుండాలి మరి!

ఇంగ్లండులో పెద్దింటివాళ్ళు మరో ఉపాయం పన్నారు. దొరసాని గదిలో తాడు లాగితే, గోడల్లోంచి పోయే తీగ కదిలి, కింద నౌకర్ల వైపు వేలాడే గంట మోగేది. ఏ గది గంట ఆ గదిదే. నౌకరు పరుగెత్తుకుని పైకి వెళ్ళాలి. అతనికి ఏదైనా అవసరం వస్తే మోగించటానికి మాత్రం పైన గంట లేదు!

పందొమ్మిదో శతాబ్దంలో మాట్లాడే గొట్టాలు వచ్చాయి. ఇళ్ళల్లో, ఓడల్లో, ఆఫీసుల్లో గోడల గుండా గొట్టం వేసి రెండు కొసలకూ ఈలలు బిగించేవారు. ఇటువైపు ఈల తీసి ఊదితే అటువైపు ఈల కూసేది. అప్పుడు వాళ్ళు తమ ఈల తీసి చెవి ఆనించాలి. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు వినాలి. ఈ పద్ధతి మన సంసారాల్లోనూ ఉంటే ఎంత బాగుండేదో!

ఇక అసలు సంగతి. టెలిఫోను అంటే ఊరికీ ఊరికీ మధ్య మాట అనుకుంటాం కదా? 1876 మార్చి 10న బోస్టన్‌లో అలెగ్జాండర్ గ్రాహంబెల్ మొట్టమొదట తీగమీద మాట్లాడింది అదే ఇంట్లో మరో గదిలో ఉన్న తన సహాయకుడు వాట్సన్‌తో. పిలిచిందీ ఇటు రమ్మనే. అంటే ప్రపంచంలో తొలి టెలిఫోను మాట ఒక విధంగా ఇంటర్‌కం మాటే! ఇంకో సంగతి చెప్తే గుండె చివుక్కుమంటుంది. బెల్ తల్లికి దాదాపు చెవుడు. మరుసటేడు పెళ్ళాడిన మేబెల్‌కు చిన్నతనంలో జ్వరం వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. లోకానికంతా పిలుపు అందించినవాడు తన ఇంటి ఆడవాళ్ళను మాత్రం తీగమీద పిలవలేకపోయాడు.

ఆ పిలుపులకు పలకటానికి మొదట కుర్రాళ్ళను పెట్టారు. వాళ్ళు పెడసరంగా మాట్లాడుతున్నారని 1878లో బోస్టన్ ఎక్స్ఛేంజిలో ఎమ్మా నట్ అనే యువతిని తీసుకున్నారు. ఆమె తొలి మహిళా ఆపరేటరు. పిలిస్తే పలకటం ఆడవాళ్ళ పనే అని అక్కడా తేల్చేశారన్నమాట! మన దేశంలో 1882 జనవరి 28న కలకత్తాలో ఎక్స్ఛేంజి తెరిచినప్పుడు 93 మంది చందాదారులట. ఆ తరవాత వందేళ్ళు గడిచినా ఫోను కనెక్షన్ కోసం ఏళ్ళ తరబడి కాచుకున్నవాళ్ళమే మనం. ఇంటిలోపలి తీగకు మాత్రం ఆ వరస అక్కరలేదు. రెండు రిసీవర్లు, నడుమ తీగ, కాస్త కరెంటు చాలు.

చేతిలో సెల్‌ఫోనుండగా ఇదెందుకని మా అబ్బాయి అడిగాడు. సెల్ చార్జింగు అయిపోతుంది, దిండు కింద దాక్కుంటుంది, పేరు వెతకాలంటే కళ్ళద్దాలు కావాలి. ఇది గోడకుంటుంది. ఎత్తి బటను నొక్కితే చాలు. అన్నిటికంటే ముఖ్యం, దీనికి రెండు కొసలూ సమానం. పెద్దింటి గంటలాగా కాదు. పైనుంచి ఎంత పిలవవచ్చో కిందినుంచీ అంతే పిలవవచ్చు.

పెట్టించిన మొదటి రాత్రి రెండు గంటలకు బజరు మోగింది. రిసీవరెత్తి "అత్తమ్మా, వస్తున్నా" అని అరిచి, చెప్పులైనా వేసుకోకుండా దిగాను. ఆమె మంచంమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

"ఏమైందత్తమ్మా?"

"ఏం గాలేదు బిడ్డా. మోగుతదో లేదో సూసిన."

"నేను పలికింది వినిపించిందా?"

"ఏమో, చెవుల గుయ్యుమన్నది. మెట్లమీద నీ అడుగుల సప్పుడైతె ఇనబడ్డది. గదే సాలు" అన్నది.