వసతి దీవెన

ఆంధ్రప్రదేశ్‌లో ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ, ఆపై చదువుల విద్యార్థుల భోజన, వసతి ఖర్చులకు ప్రభుత్వం ఇచ్చిన ఆర్థిక సాయం. పూర్తి పేరు జగనన్న వసతి దీవెన. 2020 ఫిబ్రవరి 24న విజయనగరంలో ప్రారంభమైంది. ఏడాదికి ఐటీఐ వారికి రూ.10,000, పాలిటెక్నిక్ వారికి రూ.15,000, డిగ్రీ, ఆపై వారికి రూ.20,000 చొప్పున రెండు విడతల్లో తల్లి బ్యాంకు ఖాతాలో వేయాలన్నది అప్పటి నిబంధన. కళాశాల ఫీజు దీని కిందికి వచ్చేది కాదు, దానికి విద్యా దీవెన పథకం వేరే ఉండేది. కుటుంబ వార్షికాదాయం రూ.2.5 లక్షలు దాటకూడదన్న షరతు ఉండేది. భూమి మాగాణి అయితే 10 ఎకరాలలోపు, మెట్ట అయితే 25 ఎకరాలలోపు ఉండాల్సి వచ్చేది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పల్లెల్లో ఈ డబ్బుకు ప్రత్యేకమైన విలువ ఉండేది. పత్తి తీతకో, మిరపకాయల కోతకో కూలికి వెళ్లే తల్లి పాస్‌బుక్‌లో పడిన విడత సొమ్ముతోనే, ఊరికి దూరంగా రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివే పిల్లవాడి గది అద్దె, మెస్సు బిల్లు గడవాల్సి వచ్చేది. అయితే సాయానికి 75 శాతం హాజరు తప్పనిసరిగా ఉండేది. మిరప కోతలు ముమ్మరంగా సాగేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా, అంటే తరగతులు నడిచే రోజుల్లోనే. ఇంటికి చేయందించడానికి కళ్లానికి వెళ్లిన విద్యార్థికి హాజరు తగ్గేది. సాయం అత్యవసరమైన కుటుంబాన్నే దూరం చేయగల ఈ నిబంధనకు కోతల కాలంలో సడలింపు ఉండాల్సింది.